అరవై అంగుళాల టేపు

మన్యం అంచున ఉన్న వెలగలపాడులో సూరపరాజు అనే చిన్న జమీందారు ఉండేవాడు, ఆయనకు కొలతల పిచ్చి ఉండేది.

కొలతలంటే పొలం కొలతలనుకునేరు. పొలం గట్టు ఎవడు ఎంత జరిపినా ఆయనకు పట్టేది కాదు. ఆయనవి కణుజు కొమ్ముల కొలతలు. కణుజంటే గుర్రమంత ఎత్తుండే అడవి జింక. మగదాని తల మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన రెండు పెద్ద కొమ్ములుంటాయి. వేటాడటం నేరం కాని రోజులవి. తుపాకీ ఉన్న ప్రతి దొరా అడవి మీద పడేవాడు, కొట్టిన దాని తల తెచ్చి గోడకు తగిలించుకునేవాడు. సూరపరాజు అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు కనుకనే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దర్జీ టేపు ఉండేది. పసుపు రంగుది, అరవై అంగుళాలది. జంతువు ఇంకా కాళ్ళు కొట్టుకుంటుండగానే ఆ టేపు బయటికొచ్చేది. కొమ్ము మొదలు నుంచి కొసదాకా వంపు వెంబడి పరిచి, అంకె చూసి, ఇంటికొచ్చాక ఆ తల కింద గోడ మీద ఎర్ర రంగుతో రాయించేవాడు. ఇరవయ్యో ఏట ముప్పై. ఇరవై నాలుగో ఏట ముప్పై మూడున్నర. ముప్పయ్యో ఏట ముప్పై ఆరు. తన పెళ్ళి ఏ నెలలో అయిందో అడిగితే తడుముకునేవాడు గాని, ముప్పై ఆరు వచ్చిన రోజు తిథీ వారమూ నక్షత్రమూ గడగడా చెప్పేవాడు. నలభై రెండో ఏటికి ముప్పై ఎనిమిదింబావు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కొమ్ము ఎండితే కాస్త కుదించుకుపోతుందని ఎవరో చెప్పారట. ఇంకేం, వేసవి వస్తే చాలు, నిచ్చెన వేసుకుని వారం వారం ఎక్కి కొలుచుకునేవాడు. ఇంటికి చుట్టాల బండి వస్తే ముందు ఎద్దుల కొమ్ములు కొలిచి, తర్వాత చుట్టాలను కుశలం అడిగేవాడు.

హాలులో చివరి మేకు ఒకటి ఖాళీగా ఉండేది. దాని కింద గోడ మీద ముందుగానే నలభై అని రాయించి పెట్టుకున్నాడు.

"ఆ మేకు నిండకపోతే నా బతుకెందుకు?" అన్నాడు ఒకనాడు భోజనం దగ్గర.

"రెండంగుళాలైనా లేని తేడాకి బతుకు ఆగిపోతుందా అండీ?" అంది భార్య అచ్చయ్యమ్మ.

"నీకు తెలియదులే," అని చెయ్యి కడిగేసుకున్నాడు ఆయన.

అన్నట్టు, అడవిలో సూరపరాజు ఒంటరిగా నాలుగడుగులు వేయలేడు. ముందు నడిచేది బొజ్జి. బొజ్జి కోయవాడు, ఆయనకన్నా పదేళ్ళు పెద్ద. అడుగుజాడ చూసి అది ఎంత వయసు జంతువో చెప్పేవాడు. తొక్కిన గడ్డి చూసి అది వెళ్ళి ఎంతసేపైందో చెప్పేవాడు. సూరపరాజు తండ్రి పోయేముందు కొడుకు చెయ్యి తీసి బొజ్జి చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు బొజ్జి ముందు, సూరపరాజు వెనక. దప్పికైతే తీగ కోసి నీళ్ళు తాగించింది బొజ్జి. ఎలుగుబంటి మీద పడ్డప్పుడు గొడ్డలి పట్టుకుని అడ్డం నిలబడింది బొజ్జి. ఆ రోజు అతని ఎడమ చెవి సగం పోయింది. "సగం చాలులే దొరా, నీ తిట్లు వినడానికి," అని నవ్వేవాడు. గూడెంవాళ్ళ మాటల్లో మీరూ గీరూ ఉండవు, దొరనైనా నువ్వనే అంటారు.

బొజ్జి ఆయనకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి: "కొమ్ము కనబడగానే తుపాకీ ఎత్తకు దొరా. నాలుగు కాళ్ళూ కనబడాలి, అప్పుడు ఎత్తు." రెండోది: బొజ్జి ఎటునుంచి తిరిగి వస్తున్నా ముందు కౌజుపిట్టలా మూడుసార్లు కూసేవాడు. నేనే వస్తున్నాను, కాల్చకు అని దానర్థం. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కూత కూయకుండా రాలేదు.

అలా ఉండగా ఒకరోజు వాగు పక్క గడ్డిలో రెండు కొమ్ములు కదిలాయి. సూరపరాజు వెనకా ముందూ చూడకుండా టపీమని కాల్చాడు. వెళ్ళి చూస్తే ఏముంది, గూడెంలో ఒక ముసలమ్మ ఎనుము! నోట్లో ఇంకా గడ్డి ఉంది పాపం. మర్నాడే తన దొడ్లోంచి పాడిగేదెను తోలించి ఆ ముసలమ్మకు ఇచ్చాడనుకోండి, ఆ మాట కాదనను. కాని ఆ చచ్చిన ఎనుము దగ్గర నిలబడి ఆయన ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. "దీనికీ ముప్పై ఉంటుందేమో చూద్దామా?" అని జేబులో చెయ్యి పెట్టాడు.

బొజ్జి నవ్వలేదు. గొడ్డలి కింద పెట్టేశాడు. "ఇంక నేను రాను దొరా."

"ఓరి నీ అలకా! చూసుకోలేదురా. పొరపాటు."

"చూశావు. కొమ్మే చూశావు. దాని కింద ఏముందో చూడలేదు. ఈవేళ గొడ్డు. రేపు మనిషైతే?"

సూరపరాజుకు భయం వేసింది. మనిషి చస్తాడని కాదు, బొజ్జి రానంటే నలభై రాదని. గబగబా వెళ్ళి అతని తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టురా బొజ్జీ. నాలుగు కాళ్ళూ చూడందే కాల్చను. నీ మీద ఒట్టు."

తన మీద ఒట్టు వేసినవాణ్ణి కాదనడం బొజ్జి వల్ల కాలేదు. గొడ్డలి తీసుకుని మళ్ళీ ముందు నడిచాడు. ఇంటికెళ్ళి పెళ్ళాం ముత్యాలుతో ఆ మాట చెబితే, ఆవిడ మాత్రం "అన్నీ ఉండగా నీ మీద ఎందుకు వేశాడయ్యా ఒట్టు?" అంది.

ఆ తర్వాతి చలికాలం పక్క తాలూకాలో ఒక పెళ్ళికి వెళ్ళాడు సూరపరాజు. అక్కడ పెద్దిరాజు అనే ఆయన అందరినీ తన మేడ మీదికి తీసుకెళ్ళి గోడ చూపించాడు. ముప్పై తొమ్మిదిన్నర. "ఏం బావా, మీది ఇంకా ముప్పై ఎనిమిదేనా?" అన్నాడు అందరిలో. సూరపరాజు పెళ్ళిభోజనం చేయకుండానే బండి కట్టించాడు. ఆ వారమే బొజ్జిని పిలిచి, ఉప్పుమడుగు దగ్గర మూడేళ్ళుగా జాడ మాత్రం కనబడుతున్న ముసలి కణుజు సంగతి అడిగాడు. నేలలో ఊరే ఉప్పు కోసం జంతువులన్నీ వచ్చి నాకే చోటది.

"చూశాను దొరా, మొన్న ఒక్క లిప్త పాటు. ఇంత కొమ్ము నేనెప్పుడూ చూడలేదు."

"నలభై ఉంటుందా?"

"నాకు అంగుళాలు తెలియవు. ముసలిదైపోయింది. ఉగాది దాటితే ఈ కొమ్ములు రాలుస్తుంది. మళ్ళీ మొలిచేవి ఇంత ఉండవు." బొజ్జి, "రాలనీ దొరా. నేను ఏరి తెచ్చిస్తాను. కొమ్ము నీకు, ప్రాణం దానికి," అన్నాడు.

"రాలిన కొమ్ము ఎవడిక్కావాలిరా? కట్టెపుల్లలు ఏరుకున్నట్టు ఏరుకొచ్చానని పెద్దిరాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వడూ?"

"నా మోకాళ్ళు అయిపోయాయి దొరా. పోనీ, నలభై వస్తే ఆపేస్తావా?"

"ఆపేస్తాను. తుపాకీ అటకెక్కిస్తాను. సరేనా?"

"సరే," అన్నాడు బొజ్జి. ఆ సరే అనేటప్పుడు అతని ముఖం ఎలా వెలిగిందో సూరపరాజు చూడలేదు. ఆయన గోడ మీద మేకును చూస్తున్నాడు.

ఉగాదికి ఇరవై రోజుల ముందు ఉప్పుమడుగు దగ్గర మంచె కట్టారు. రోజూ తెల్లారేసరికి మంచె మీద ఉండేవాళ్ళు. కణుజు రాలేదు. కూతురు పురిటికి వచ్చి మగపిల్లాణ్ణి కంది. కబురొస్తే, "ఉగాది వెళ్ళనీ, చూస్తాను," అన్నాడు తాతగారు. తిండి మీద ధ్యాస పోయింది. కళ్ళు మూసుకుంటే కొమ్ములు. పచ్చి నిజం చెప్పాలంటే, ఆ ఇరవై రోజుల్లో ఆయన కొమ్ములు తప్ప వేరే ఏదీ చూడలేదు. ఎదుట కూర్చున్న బొజ్జి మోకాళ్ళకు ఆకు పసరు కట్టుకుంటున్నా చూడలేదు.

ఉగాది ముందురోజు వచ్చింది. పొద్దెక్కింది.

"కొండ అవతలికి పోయి జాడ చూసొస్తాను. నువ్వు దిగకు," అని బొజ్జి మంచె దిగాడు.

సూరపరాజు ఒక్కడే కూర్చున్నాడు. ఎండ వాలుగా పడుతోంది. ఎదుటంతా మనిషిని మించి ఎదిగిన బోదగడ్డి, ఎండిపోయి తెల్లగా ఉంది. ఎంతసేపో ఏమీ లేదు. తర్వాత దూరంగా గడ్డి కదిలింది. గడ్డి మీదుగా రెండు కొమ్ములు పైకి లేచాయి.

అవే! అబ్బ, ఏం కొమ్ములు! ముదురు గోధుమ రంగు, కొసలు మాత్రం తెల్లగా. ఒక లయలో ఊగుతూ తిన్నగా మంచె వైపే వస్తున్నాయి. సూరపరాజు తుపాకీ ఎత్తాడు. కంటితోనే కొలవడం మొదలుపెట్టాడు. ముప్పై ఆరు... కాదు, ముప్పై ఏడు దాటింది. కాళ్ళు కనబడటం లేదు. గడ్డిలో ఉంటాయిలే, ఎక్కడికి పోతాయి అనుకున్నాడు. ముప్పై ఎనిమిది. గడ్డిలో కౌజుపిట్ట కూసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చెవిన పడింది. పడలేదని ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ముప్పై తొమ్మిది. కొమ్ములు ఇంకో రెండడుగులు దగ్గరికొచ్చాయి. నలభై!

నలభై అనుకున్న క్షణానే వేలు నొక్కాడు.

కొమ్ములు పడ్డాయి. కాని ఒకటి ఇటు పడింది, ఇంకోటి అటు పడింది. ఒక తలకున్న కొమ్ములు అలా చెరో వైపూ పడవు. సూరపరాజు మంచె మీదినుంచి దూకాడో, పడ్డాడో ఆయనకే తెలియదు.

బొజ్జి వెల్లకిలా పడి ఉన్నాడు. తలచుట్ట ఊడి పక్కన ఉంది. వాగు ఒడ్డున దొరికాయి ఆ కొమ్ములు, మొదళ్ళ దగ్గర నెత్తురు తడి కూడా ఆరలేదు, అంటే అప్పుడే రాల్చింది. వాటిని తలచుట్ట మీద చెరో వైపూ నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని, దొరకు త్వరగా చూపించాలని గడ్డికి అడ్డంపడి వచ్చాడు. గుండు రొమ్ము కింద తగిలింది.

"బొజ్జీ! ఓరి బొజ్జీ! కూశావురా నువ్వు! విన్నాన్రా. విన్నాను..." సూరపరాజు ఉత్తరీయం తీసి గాయం మీద అదిమాడు. అది క్షణంలో తడిసిపోయింది.

"నేనే దొరా," అన్నాడు బొజ్జి. తర్వాత కళ్ళు అటూ ఇటూ తిప్పి, "కొలువు," అన్నాడు.

"ఏం కొలవమంటావురా! పద, నిన్ను ఎత్తుకుపోతాను. ప్రాణం ఉగ్గబట్టుకో."

"ముందు కొలువు దొరా."

సూరపరాజు టేపు తీశాడు. నెత్తురు అంటిన టేపును కొమ్ము వంపు వెంబడి పరిచాడు. ముప్పై తొమ్మిదింబావు. మళ్ళీ చూశాడు. ముప్పై తొమ్మిదింబావే. మంచె మీదినుంచి నలభై కనబడింది. కొమ్ము కింద మనిషి కనబడలేదు, కొమ్మూ సరిగ్గా కనబడలేదు.

"ఎంత?" అన్నాడు బొజ్జి.

"నలభై ఒకటిరా." నూలుపోగంత తేడా ఒప్పుకోని మనిషి, జన్మలో మొదటిసారి తప్పు కొలత చెప్పాడు.

బొజ్జి నవ్వబోయాడు. "చూశావా? అది బతికే ఉంది. నీకూ నలభై వచ్చింది. ఇంక తుపాకీ అటకెక్కించేయి."

"ఎక్కిస్తాన్రా. ఎక్కిస్తాను. నువ్వు లే."

బొజ్జి లేవలేదు. సూరపరాజు ఆ శవాన్ని భుజాన వేసుకుని గూడెం దాకా ఒక్కడే మోశాడు. దారి తెలియక మూడుసార్లు తప్పిపోయాడు. ముందు నడిచేవాడు లేడుగా.

గూడెంవాళ్ళు ఎదురొచ్చారు. శవాన్ని దించుకున్నారు, పందిరి కింద ఈతచాప మీద పడుకోబెట్టారు. మగవాళ్ళు గునపాలు తీసుకున్నారు. వాళ్ళలో ముసలాయన ఒకడు, "గొయ్యి ఎంత పొడుగు తవ్వాలి?" అన్నాడు.

ముత్యాలు అప్పటిదాకా మొగుడి పాదాల దగ్గర తల వంచుకుని కూర్చుంది. తలెత్తి సూరపరాజును చూసింది. "దొరనడగండి. అన్ని కొలతలూ ఆయనకే తెలుసు."

సూరపరాజు నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళు ఆ వీపు వెనకే నడిచాడు. బొజ్జి తన భుజం దాకా వచ్చేవాడా? గడ్డం దాకానా? ఎంత తవ్వి చూసుకున్నా గుర్తుకు రాలేదు. ఇంట్లో గోడ మీద ఉన్న పద్నాలుగు తలల కొలతలూ పావంగుళంతో సహా గుర్తున్నాయి.

"నాకు తెలియదు," అన్నాడు.

"టేపుందిగా జేబులో. కొలువు."

అందరూ చూస్తుండగా ఆయన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మడమ దగ్గర టేపు కొస పెట్టాడు. ఆకు కట్టు కట్టిన మోకాలు దాటాడు. నడుము దాటాడు. గాయం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముత్యాలు చూస్తూ ఉంది. మళ్ళీ కదిలాడు. మెడ. సగం చెవి. నుదుటి దగ్గరికొచ్చేసరికి టేపు అయిపోయింది. అరవై అంగుళాలు. బొజ్జి ఇంకా ఉన్నాడు.

"చాల్లేదు," అన్నాడు సూరపరాజు. "టేపు చాల్లేదు."

ముసలాయన ఒక వెదురుబద్ద తెచ్చి శవం పక్కన పెట్టి, తల దగ్గర కత్తితో గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత అధికారులొచ్చారు. వేటలో పొరపాటు అని రాసుకుని వెళ్ళారు. సూరపరాజును ఎవరూ శిక్షించలేదు. శిక్షించి ఉంటే ఏదో ఒక రోజుకి అది ముగిసేది. ధాన్యం బస్తాలు పంపిస్తే ముత్యాలు గూడెం పొలిమేర దగ్గరే బండి తిప్పించింది. "ఆయన మీద ఒట్టు వేసి కాల్చినవాడి గింజ నాకొద్దు," అని కబురు పంపింది.

తుపాకీ అటకెక్కింది. హాల్లో తలలన్నీ దింపించాడు. దింపితే ఏం, వాటి కింద ఎర్ర అంకెలు మిగిలాయి. సున్నం వేయించాడు. నెల తిరిగేసరికి సున్నం లోంచి అంకెలు మళ్ళీ తేలాయి. మూడుసార్లు వేయించాడు, మూడుసార్లూ తేలాయి. చివరికి ఆ హాలుకు తాళం పెట్టించాడు. పొలం వైపు ఎక్కడైనా కౌజుపిట్ట కూస్తే చాలు, తింటున్నవాడు తింటున్నట్టే లేచి నిలబడి, "బొజ్జీ, నువ్వేనా?" అనేవాడు. అచ్చయ్యమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. అలా ఇంకా పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ ముసలి కణుజు కూడా రెండేళ్ళు బతికిందని గూడెంవాళ్ళు చెప్పుకున్నారు. దానికి మళ్ళీ ఎంత కొమ్ము మొలిచిందో ఆయన అడగలేదు.

నవ్వులాటగా మొదలైన పిచ్చి ఒక నిండు ప్రాణం తీసి ఆగింది, ఆగాక ఎవరికీ ఏమీ మిగల్లేదు. కనుక దేన్ని కొలవబోతున్నా ముందు దాని కింద ఉన్న ప్రాణాన్ని చూడాలి. అంకె మీదే కళ్ళు పెట్టినవాడికి ఎదురుగా వస్తున్న సొంత మనిషి కూడా కనబడడు, ఆ తర్వాత ఎంత ఏడ్చినా ఆ మనిషి తిరిగి రాడు.